సోషల్ వర్కర్లకు మానసిక ఆరోగ్య శిక్షణ: గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, అటు నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపునూ పనిచేసే సోషల్ వర్కర్లు, కౌన్సెలర్లు కొందరం నెలకోసారి కూర్చుని కేసులు చర్చించుకుంటాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికి మేం చెప్పే జవాబులు ఇవి.

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి పదేళ్లయిందండి. ఫీల్డులో బోలెడు అనుభవం ఉంది. మళ్లీ చదవడం దేనికి?

మీరు చదివిన రోజుల్లో మానసిక ఆరోగ్యం మీద ఒకటో రెండో పేపర్లు ఉండి ఉంటాయి. ఆ తర్వాత చట్టం మారింది, చికిత్స మారింది, మన పని కూడా మారింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలవుతోంది. స్పెషలిస్టు కానివాళ్లు కూడా నేర్చుకుని చేయగలిగే చిన్న చిన్న మాటల చికిత్సలు వచ్చాయి.

అనుభవం విలువైనదే. కానీ సరిదిద్దేవాళ్లు లేకపోతే తప్పు కూడా అలవాటైపోతుంది. నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వరద తగ్గిన వారానికి ఒక లంక ఊళ్లో కౌలు రైతు ఇంటికి వెళ్లాను. సార్వా చేను మొత్తం కుళ్లిపోయింది. ఆయన అరుగు మీద కూర్చుని, నేను ఏం అడిగినా "ఆయ్, బానే ఉందండి" అన్నారు. "ధైర్యంగా ఉండండి బాబాయ్ గారూ, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పి లేచొచ్చేశాను. ఆయన భార్య నా వెనకాలే రేవు దాకా వచ్చింది. పడవ ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని, "పాకలో ఉండే పురుగుమందు డబ్బా రెండు రోజుల కిందట మంచం కిందకి తెచ్చిపెట్టుకున్నారమ్మా" అంది. ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. ఆయన బతికారు. చాలాకాలం మందులు వాడి తేరుకున్నారు. కానీ అడగవలసిన మాట నేను అడగలేదు. అది ఎలా అడగాలో నాకు తెలియదు. అప్పటికి నా పట్టా రెండేళ్ల పాతది, అంతే.

ఈ శిక్షణ తప్పనిసరా? ఇన్ని గంటలు చేయాలని రూలు ఏమైనా ఉందా?

ప్రస్తుతానికి మన దగ్గర సోషల్ వర్కర్లకు అలాంటి రూలు లేదు. అమెరికాలో రాష్ట్రాలు ఇచ్చే లైసెన్సు రెన్యువల్ కావాలంటే నిర్ణీత గంటల శిక్షణ చూపించాలి. ఆ లెక్కలు చెప్పే వీడియోలు చూసి మనవాళ్లు కంగారు పడుతుంటారు. అవి మనకు వర్తించవు. ఇక్కడ డాక్టర్లకైతే 5 ఏళ్లలో 30 గంటల శిక్షణ ఉండాలని 2002 నాటి నిబంధనల్లోనే ఉంది.

2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం మాత్రం మెడికల్ సోషల్ వర్కర్లను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను కూడా తన జాబితాలో చేర్చుకుంది. రేపు మనకూ రూలు రావచ్చు. అందుకని ఇప్పటినుంచే మీరు చేసిన ప్రతి కోర్సు, హాజరైన ప్రతి వర్క్‌షాపు, ఎన్ని గంటలు, ఎవరు నేర్పారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి.

ఆరు నెలల కోర్సు చేస్తే "సైకియాట్రిక్ సోషల్ వర్కర్" అని బోర్డు పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. ఆ పేరుకు 2017 చట్టంలోనే నిర్వచనం ఉంది. సోషల్ వర్క్‌లో పీజీ, దానిపైన పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ఉండాలి. మిగతా విషయాల్లో ఎం.ఫిల్. ఆపేసిన యూజీసీ, ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. చేరాలనుకుంటే ఇప్పుడు ఆ చదువు ఏ పేరుతో నడుస్తోందో యూనివర్సిటీలోనే అడిగి తెలుసుకోండి.

ఆ పేరు లేకపోయినా మనం చేయగలిగింది చాలా ఉంది. జబ్బు పేరు నిర్ణయించడం, మందు మార్చడం మన పని కాదు. గుర్తించడం, వినడం, ఆసుపత్రి దాకా తీసుకెళ్లడం, ఆ తర్వాత ఇంటికి వెళ్లి చూస్తూ ఉండడం మన పని.

మాకు దగ్గర్లో ఎక్కడ నేర్చుకోవచ్చు?

మొదట మీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను కలవండి. 1982లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద, బళ్లారిలో ప్రయోగం చేసి చూశాక, 1996 నుంచి జిల్లాల వారీగా ఇది నడుస్తోంది. ఆశా వర్కర్లకు, పీహెచ్‌సీ సిబ్బందికి శిక్షణ ఇవ్వడం వాళ్ల పనుల్లో ఒకటి. మీరు కూడా కూర్చుంటామంటే సాధారణంగా కాదనరు. కాకినాడ జీజీహెచ్ సైకియాట్రీ ఓపీ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల చూసి రావడానికి అనుమతి అడగండి. ఓపీలో ఒక్క పూట పక్కన నిలబడితే, పుస్తకంలో చదివిన "భ్రమ", "భ్రాంతి" ఎదురుగా కనిపిస్తాయి.

ఇంట్లో కూర్చుని చదవాలంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ల డిజిటల్ అకాడమీ ఉంది. 2018 నుంచి సోషల్ వర్కర్లకు, నర్సులకు, సైకాలజిస్టులకు, డాక్టర్లకు ఆన్‌లైన్ కోర్సులు పెడుతోంది. స్పెషలిస్టు కాని ఆరోగ్య సిబ్బంది కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఎంహెచ్‌గ్యాప్ గైడు ఉచితంగా దొరుకుతుంది. ఐదు సెషన్లలో పూర్తయ్యే మాటల చికిత్స ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్, బాలింతల దిగులు కోసం తయారైన థింకింగ్ హెల్దీ కూడా ఆ సంస్థవే, ఉచితమే. నన్నడిగితే మన ప్రాంతంలో పనిచేసేవాళ్లు బాలింతలతో మొదలుపెట్టడం మంచిది. ఏఎన్ఎం ఎలాగూ ఆ ఇంటికి వెళ్తుంది. మీరూ వెంట వెళ్తే ఎవరూ వింతగా చూడరు.

ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలదా?

చాలదు. ఈ జవాబుల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఈత పుస్తకంలో చదివి గోదాట్లో దిగలేం. మీరు నిజంగా మాట్లాడిన మనిషి గురించి, ఏం అన్నారో, ఏం అడగలేకపోయారో ఇంకొకరి ముందు పెట్టి, "ఇక్కడ ఎందుకు ఆగిపోయావు?" అని వాళ్లు అడిగితేనే పని వస్తుంది. దాన్నే సూపర్‌విజన్ అంటారు. గోవాలో సంగత్ సంస్థ, మానసిక వైద్యంలో డిగ్రీలు లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల మాటల చికిత్స చేయించింది. 2017లో ఫలితాలు వచ్చాయి, బాగా పనిచేసింది. అక్కడ కౌన్సెలర్లు సెషన్లను రికార్డు చేసి, గుంపుగా కూర్చుని విని, ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. దాని బలం సగం అందులోనే ఉందని నా నమ్మకం.

మా పద్ధతి తేలిక. నెలకొక ఆదివారం, ఆరేడుగురం. ఒకరు ఒక కేసు చెబుతారు. పేరు ఉండదు, ఊరు ఉండదు, వయసు కూడా కొంచెం మారుస్తాం. పది నిమిషాలు ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. తర్వాత ఇద్దరు లేచి ఆ సంభాషణనే మళ్లీ నడుపుతారు, ఒకరు సోషల్ వర్కరు, ఒకరు ఆ మనిషి. మొన్న ఒకమ్మాయి, తాగుడు మానిన భర్తకు మళ్లీ తాగాలనిపించిన సాయంత్రం గురించి రోల్ ప్లే చేసింది. సోషల్ వర్కరుగా నటించినవాడు రెండో నిమిషంలోనే సలహా మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి వెంటనే కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది, తనకే తెలియకుండా. అందరం చూశాం. సలహా ఎప్పుడు ఇవ్వకూడదో ఆ కుర్చీ నేర్పినట్టు ఏ వీడియో నేర్పదు. రెండు నెలలకోసారి ఒక సైకియాట్రిస్టునో, సీనియర్‌నో ఫోన్లో అయినా కూర్చోబెట్టుకోండి.

మెటీరియల్ అంతా ఇంగ్లీషులో ఉంటుంది. మా వాళ్లతో ఆ మాటలు ఎలా?

కుర్రాళ్లు ఇప్పుడు "డిప్రెషన్లో ఉన్నానండి" అని వాళ్లే అంటున్నారు. పెద్దవాళ్లు అలా అనరు. "ఏం తోచట్లేదండి", "కాళ్లూ చేతులూ లాగేస్తున్నాయి", "గుండె దడ", "తల దిమ్ముగా ఉంటోంది", "నరాల బలహీనత", "పిల్లాడు బెంగపెట్టుకున్నాడు", "గాలి సోకింది". వీటిలో ప్రతి మాట వెనకాల డిప్రెషన్ ఉండొచ్చు, ఆందోళన ఉండొచ్చు, థైరాయిడో రక్తహీనతో కూడా ఉండొచ్చు. అందుకే ముందు పీహెచ్‌సీలో ఒళ్లు చూపించాలి.

డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక మీకు తెలిసే ఉంటుంది. మొదటి ప్రశ్న, పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా అని. నరసాపురం దగ్గర లేసు అల్లే ఒకావిడను అలాగే అడిగితే, "మాకు సంతోషాలేంటమ్మా" అని నవ్వేశారు. "ఇదివరకు నలుగురూ చేరి లేసు అల్లుకుంటుంటే కబుర్లు చెప్పేవారు కదా పిన్నీ, ఇప్పుడు అక్కడికి వెళ్లబుద్ధి అవుతోందా?" అంటే, చేతిలో లేసు సూది ఆగిపోయింది. "వెళ్లి రెండు నెలలైంది" అన్నారు. స్కోరు వేసేటప్పుడు మాత్రం పట్టికలో ఉన్న ప్రశ్న ఉన్నట్టుగానే చదవాలి, మార్చకూడదు. చదివాక అర్థం కాకపోతే మన మాటల్లో విడమర్చాలి. ఈ రెంటికీ తేడా తెలియడమే శిక్షణ.

ఇదంతా మన దగ్గర కుదరదేమో అనుకోకండి. ఆరోగ్య పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే నడిచింది. ఆశా వర్కర్లు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఇలాంటి ప్రశ్నలే అడిగారు, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు.

చావు గురించి అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టు అవదా?

అవదు. ఎన్నో దేశాల్లో చేసిన పరిశోధనలు ఇదే చెబుతున్నాయి. అడిగితే చాలామందికి గుండె తేలికవుతుంది.

ఎలా అడగాలి? మెట్టుమెట్టుగా. "ఇంత బరువు మోస్తున్నారు కదా, ఒక్కోసారి బతకడం ఎందుకు అనిపిస్తోందా?" "చనిపోదామని అనుకున్నారా?" "ఎలా అని ఆలోచించారా?" "అది ఇంట్లో ఉందా?" చివరి ప్రశ్న దగ్గర చాలామంది వెనకాడతారు. అదే ముఖ్యమైనది. డెల్టాలో చేలకు కొట్టే పురుగుమందు చేతికందే దూరంలోనే ఉంటుంది. ఆ క్షణంలో డబ్బా దొరక్కపోతే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఎందుకంటే ఆ తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. కాబట్టి మందు ఇంట్లోంచి తీసేయించండి, లేదా తాళం వేయించి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇంటి గోడ మీద క్యాలెండర్ పక్కన మీ చేత్తోనే రాసి రండి.

"పోలీసు కేసవుతుంది" అన్న భయంతో కుటుంబాలు ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేస్తాయి. వాళ్లకు చెప్పండి: 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ అసలు లేనే లేదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, అది మామూలే. భయపడి ఆగిపోవద్దు.

తాగుడు మాన్పించమని ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. మేం ఏం చెప్పాలి?

అలా చేయవద్దని గట్టిగా చెప్పండి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఒళ్లు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలవ్వచ్చు. దాన్ని "దెయ్యం పట్టింది" అనుకుని వేపమండలు తెచ్చిన ఇళ్లున్నాయి. అది ప్రాణం తీసే స్థితి, అత్యవసరంగా ఆసుపత్రికి చేర్చాలి. డాక్టరు పర్యవేక్షణలో మందులతో, బీ1 విటమిన్‌తో ఆపితే భద్రం.

ఎంత తాగుతున్నాడో కొలవడానికి ఆడిట్ అని పది ప్రశ్నల పట్టిక ఉంది. స్కోరు 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి. కల్లు, బ్రాందీ, సారా ఏది ఎంతని అడిగేటప్పుడు క్వార్టరు, గ్లాసు, ముంత అనే లెక్కలోనే అడగండి. మొహంలో తిట్టు కనిపించకూడదు. తిట్టు ఇంట్లో బోలెడు దొరుకుతోంది అతనికి.

గుళ్లకీ దర్గాలకీ తిప్పుతారు, మందులు ఆపేస్తారు. వాళ్లతో పోట్లాడాలా?

పోట్లాడితే రెండోసారి తలుపు తీయరు. "మొక్కు చెల్లించండి అక్కా, మాత్ర కూడా వేయండి, రెండూ చేద్దాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు: గొలుసు. తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. ఇప్పటి చట్టం 95వ సెక్షన్ మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. కట్టేసిన మనిషి కనిపిస్తే కుటుంబాన్ని దోషిగా చూడకుండా, ఎందుకు కట్టారో అడిగి, అదే రోజు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందానికి చెప్పండి.

కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లు ఏమీ చెప్పరు. ఎలా మొదలుపెట్టాలి?

అక్కడ ఏం జరిగిందని అడగకండి. ముందు నిద్ర గురించి, పిల్లలు తనను గుర్తుపట్టారా లేదా అన్న దాని గురించి అడగండి. అమ్మమ్మను "అమ్మా" అని పిలుస్తున్న బిడ్డ ముందు నిలబడడం చిన్న బాధ కాదు. ఏజెంటు అప్పు తీరిందా అన్నది మూడో ప్రశ్న. మిగతాది ఆమె చెప్పాలనుకున్నప్పుడు చెబుతుంది. ఎప్పటికీ చెప్పకపోయినా సాయం చేయవచ్చు. హింస జరిగిన ఆనవాలు ఉంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటరు, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు గుర్తుంచుకోండి.

వరద, తుపాను వచ్చినప్పుడు కౌన్సెలింగ్ క్యాంపు పెట్టమంటారు. పెట్టాలా?

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను, 2022 జూలై వరద చూసిన నేల ఇది. పునరావాస కేంద్రంలో అందరినీ కూర్చోబెట్టి "ఏం జరిగిందో చెప్పండి" అనడం మంచిది కాదు. బలవంతంగా చెప్పించడం వల్ల మేలు లేదని తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ మూడే మాటలు చెబుతుంది: చూడు, విను, కలుపు. ఎవరికి ఏం కావాలో చూడడం, చెప్పుకుంటే వినడం, కావలసినచోటికి కలపడం. నీళ్లు, దుప్పటి, బీపీ మాత్ర, తప్పిపోయిన మేనత్త ఏ శిబిరంలో ఉందో కనుక్కోవడం, ఇవన్నీ అందులో భాగమే. అప్పటికే మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు నీళ్లలో ఆ మందులు పోగొట్టుకుని వస్తారు. ముందు వాళ్లను వెతకండి.

మందుల గురించి మాకు ఎంతవరకు తెలియాలి?

ఇంటికి వెళ్లినప్పుడు ఏం గమనించాలో తెలిస్తే చాలు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే "లాభం లేదు" అని ఆపేస్తారు, ఆ వారంలోనే మనం వెళ్లాలి. మతిస్థిమితం తప్పినప్పుడు వాడే కొన్ని మందులకు ఒళ్లు బిగుసుకోవడం, చేతులు వణకడం ఉంటుంది. డాక్టరుకు చెబితే సరిచేస్తారు. ఉద్వేగాల హెచ్చుతగ్గులకు ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లు మే నెల ఎండల్లో పనికి వెళ్లి ఒంట్లో నీరు తగ్గిపోతే మందు విషంగా మారవచ్చు. వాంతులు, విరేచనాలు, తూలుడు కనిపిస్తే వెంటనే ఆసుపత్రి.

ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. రహస్యం ఎలా కాపాడాలి?

గోప్యత రోగి హక్కు అని 2017 చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో అది కూర్చునే చోటుతో మొదలవుతుంది. వీధి అరుగు మీద కాకుండా పెరట్లో కొబ్బరిచెట్టు కింద కూర్చోండి. సచివాలయంలో ఫైలు బల్లమీద వదిలేయకండి. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టకండి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి మాటలు మొదలయ్యే ముందే ఆ బిడ్డకు చెప్పడం న్యాయం.

సర్టిఫికెట్లు, పెన్షన్లు కూడా మేమే చూడాలా?

చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం చేతికొచ్చాక మందుల కోసం వెళ్లే బస్సు చార్జీకి ఇంట్లో గొడవ తగ్గిన కుటుంబాలను చూశాను.

మా ఆఫీసులో సెలవు ఇవ్వరు. డబ్బులు కూడా లేవు.

ఉచితమైనవి పైన చెప్పాను. ముగ్గురు కలిసినా కేసు చర్చ పెట్టుకోవచ్చు. ఖర్చు టీకి మాత్రమే.

ఇవన్నీ విని విని నాకే నిద్ర పట్టట్లేదు. ఇది నా బలహీనతేనా?

కాదు. రోజూ ఇతరుల దుఃఖం వినేవాళ్లలో చాలామందికి వచ్చేదే ఇది. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, కోపం సర్దుకోకపోతే మీరు ఇతరులకు చెప్పిందే మీరూ చేయండి, డాక్టరుకు చూపించుకోండి. మా చర్చల్లో మొదటి పావుగంట కేసు ఉండదు. ఈ నెల ఎవరి మాట ఇంటిదాకా వెంట వచ్చిందో చెప్పుకుంటాం. ఆ పడవ రేవు సంగతి నేను మొదటిసారి బయటికి చెప్పింది అక్కడే, జరిగిన ఆరేళ్లకు.

మొదటిసారి వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలి?

మీరు ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క కేసు. బాగా చేసిన కేసు వద్దు. పేరు, ఊరు తీసేసి, ఆ మనిషి అన్న మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే రాసుకుని రండి.